మంచు మీద బూరెల మూకుడు

నేను ఒక బూరెల మూకుడిని. నవ్వకండి. మీ ఇంట్లో పెళ్ళంటే ముందు నా కోసం కబురు పెడతారు, సన్నాయి వాళ్ళకి ఆ తర్వాతే. రెండున్నర అడుగుల వెడల్పు, రెండు పక్కలా రెండు ఇనప కడియాలు, అడుగున ముప్ఫయ్యేళ్ళ మసి. ప్రస్తుతం భేడీధార్ అనే కొండ మీద, ఒక టీ కొట్టు వెనకాల గడ్డిలో పడి ఉన్నాను. సముద్రమట్టానికి తొమ్మిదిన్నర వేల అడుగుల ఎత్తట. విశ్వనాథం మాస్టారు చెప్పారు. ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయన్ని ఎప్పుడూ ఎవరూ అడగరు.

గోదావరి జిల్లా మూకుడికి హిమాలయాల్లో ఏం పని అంటారా? ఆ మాట నన్ను కాదు, మీ వాళ్ళని అడగండి. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళే విద్య నేను కనిపెట్టింది కాదు. మంచు చూడ్డానికి బయల్దేరి, నూనె డబ్బా, శనగపిండి బస్తా, నన్నూ బస్సు మీద కట్టించుకున్న ఘనత మనుషులదే.

మూతపడ్డ పంచదార మిల్లు బాయిలర్ రేకు నా పూర్వజన్మ. దాన్ని పాత ఇనుములో కొని, పెనుగొండలో మూలాచారి అనే కమ్మరి తొమ్మిది రోజులు కొలిమిలో కాల్చి, సుత్తితో మోది నన్ను చేశాడు. మంచి పనివాడే. కానీ తొమ్మిదో రోజు ఆకలేసింది కాబోలు, అడుగున ఒకచోట దెబ్బ గట్టిగా పడి రేకు పల్చబడింది. వేలితో తడిమి చూసి, "ఏం ఫర్లేదులే, పైకి కనబడదుగా" అన్నాడు. తర్వాత ఆ పల్చటి చోటే చిల్లు పడింది, దానికి మాటు పడింది. ఆ మాటు సంగతి గుర్తుంచుకోండి, చివర్లో దానితో పనుంది.

మొదటి యజమాని సోమయాజులు గారు, పెళ్ళివంటల మేస్త్రీ. పాతికేళ్ళు ఆయన చేతి కింద బూరెలు వేయించాను. మనుషుల్ని చదవాలంటే పుస్తకాలు అక్కర్లేదు, పొయ్యి మీద కూర్చుంటే చాలు. "అబ్బే, షుగరండీ, నాకొద్దు" అని విస్తట్లో చెయ్యి అడ్డం పెట్టిన పెద్దమనిషే పది నిమిషాల్లో వంటశాల వెనక్కి వచ్చి, "రెండు వేడివి పడెయ్యండి స్వామీ, మా ఆవిడ చూడకుండా" అనేవాడు. సోమయాజులు గారి మోకాళ్ళు అరిగిపోయాక, ఆయన కొడుకులు నన్నూ గుండిగల్నీ గరిటెల్నీ కలిపి బాపిరాజుగారికి అమ్మేశారు. చిల్లుకి మాటు వేయించింది అప్పుడే, బేరంలో బయటపడకుండా.

బాపిరాజుగారిది భీమవరం. ఒక బస్సు కొని యాత్రలు తిప్పుతారు. బస్సు నుదుటి మీద "ఎక్కడికెళ్ళినా మన వంటే" అని ఎర్రరంగు అక్షరాలు. జనం ఆయన బస్సెక్కేది దేవుణ్ణి చూసి కాదు, ఆ అక్షరాలు చూసి. కాశీలో విశ్వేశ్వరుడి ముందు నిలబడి కూడా "మధ్యాహ్నం పప్పులో మామిడికాయ వేశారా?" అని గుసగుసలాడే రకం. పుణ్యక్షేత్రాలు అందరూ తిప్పుతున్నారు, మనం కొత్తగా ఏదైనా చూపించాలి అనుకున్నారు రాజుగారు. అలా దొరికింది ఈ భేడీధార్. చలికాలంలో ఇక్కడ మంచు కప్పేస్తుంది. కాళ్ళకి పొడుగు బద్దలు కట్టుకుని, చేతుల్లో కర్రలు పట్టుకుని, కొండ మీంచి కిందికి జారతారు. జారినవాళ్ళని కుర్చీలు వేలాడే తీగ మళ్ళీ పైకి తీసుకెళ్తుంది. మళ్ళీ జారతారు. దీన్ని స్కీయింగ్ అంటారు, దీనికి డబ్బులు పుచ్చుకుంటారు. భేడీధార్ అంటే అక్కడి భాషలో గొర్రెల గట్టు అని అర్థమట. ఆ పేరు పెట్టినవాడెవడో ముందుచూపు ఉన్నవాడు.

ఇక నేను తిట్టని మనిషి ఒకతె ఉంది. ఆమె పేరు పేరంటాలు.

నర్సాపురం వైపు మనిషి. సన్నగా, కందికట్టెలా ఉంటుంది. మొగుడు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాడు, అవి మోసి మోసి ఊపిరితిత్తులు పాడై కాలం చేశాడు. ఆ తర్వాత ఆమె పదిహేనేళ్ళు రొయ్యల షెడ్డులో ఐసు పొడికొట్టింది. వేళ్ళు కొంకర్లు పోవడం మొదలయ్యాక ఆ పని మాని వంటల్లోకి దిగింది. చెయ్యి అద్భుతం. బాపిరాజుగారు పిలిచినప్పుడు జీతం మాట ఎత్తలేదు. ఒక్కటే అడిగింది.

"బాబుగారండి, తవరు ఐసు కొండకి ఎల్తన్నారంట కదండి. నన్ను ఒక్కసారి దాని మీదకి తీసుకెల్లాలండి."

"ఐసు కొట్టీ కొట్టీ విసుగురాలేదా నీకు?" అన్నారు రాజుగారు నవ్వుతూ.

"అదేనండి మరి. ఐసంటే నాకు కొట్టడం, మొయ్యడం, రొయ్యలకెయ్యడం, ఇదేనండి తెలుసు. అక్కడ ఆకాశంలోంచి పడతదంటండి. ఎవరూ మొయ్యక్కర్లేదంట. అలా ఊరికే పడున్న ఐసుని ఒక్కసారి, నేను కూడా ఊరికే నిలబడి సూడాలండి."

"ఓస్, అంతేనా! నాదీ పూచీ" అన్నారాయన. బాపిరాజుగారి పూచీలు కొబ్బరినీళ్ళ లాంటివి, పుచ్చుకున్నంతసేపు చల్లగా ఉంటాయి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి బస్సు కదిలింది. నలభై రెండు మంది యాత్రికులు, పేరంటాలు, నేను. యాత్రికుల్లో ఇద్దరి సంగతి చెబితే మిగతా నలభై మందినీ చెప్పినట్టే. ఒకరు విశ్వనాథం మాస్టారు, భూగోళం చెప్పి రిటైరయ్యారు. చేతిలో నోటుపుస్తకం, మెడకి మఫ్లరు. మంచుని ఎప్పుడూ చూడలేదు కానీ మంచు గురించి ఆయనకి తెలియంది లేదు. రెండోవారు బంగారమ్మ గారు, రైసుమిల్లు వారి ఇల్లాలు. ఏ ఊళ్ళో దిగినా "మా ఊళ్ళో దీనికన్నా బావుంటుంది" అనే మాటతో మొదలుపెడతారు. తాజ్‌మహల్ ముందు కూడా అదే అన్నారు.

భేడీధార్ కింది బజారులో బస్సు ఆగింది. అక్కడి నుంచి పైకి తీగమీద పెట్టె బండిలో వెళ్ళాలి. మొదటిరోజు జనమంతా అద్దె కోట్లు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తగిలించుకుని పైకెళ్ళారు. ఆ కోట్లు ఎందరి చెమటలు తాగాయో ఆ దేవుడికే తెలియాలి. పేరంటాలూ నేనూ లాడ్జి వెనక రేకుల షెడ్డులో ఉండిపోయాం. మధ్యాహ్నానికల్లా వచ్చేశారు. మంచు ఎలా ఉందండీ అని ఆమె ఆశగా అడిగింది.

"తెల్లగా ఉంది. సాంబారు ఏం వేశావు?" అన్నారు బంగారమ్మ గారు.

నాలుగు రోజులు ఎముకలు కుళ్ళబొడిచే ప్రయాణం చేసి వచ్చిన మనిషి మంచు గురించి చెప్పింది అదీ. మాస్టారైతే అరగంట చెప్పారు, కానీ అది బస్సులో చెప్పిందే. పైకెళ్ళి వచ్చాక ఒక్క ముక్క కూడా మారలేదు.

ఆ సాయంత్రం బాపిరాజుగారికి బుద్ధి పుట్టింది. రేపు మూకుడినీ పొయ్యినీ పైకి పట్టుకెళ్దాం, మంచు మీదే వేడి వేడి మిరపకాయ బజ్జీలు వేయిద్దాం అన్నారు. నలభై రెండు మందీ చప్పట్లు కొట్టారు. మంచు చూసినప్పుడు కూడా అలా కొట్టి ఉండరు. పేరంటాలు మొహం మాత్రం చాటంత అయింది. బజ్జీల వంకతోనైనా పైకి వెళ్తుంది కదా! పని అయ్యాక పది నిమిషాలు నీకే వదిలేస్తానని రాజుగారు మాట కూడా ఇచ్చారు.

పైన దిగగానే రాజుగారు చదునుగా ఉన్న చోటు చూసి, మంచు మీద ఇనప పొయ్యి పెట్టించి, గ్యాసుబండ తగిలించారు. పేరంటాలు అదిరిపడింది.

"బాబుగారండి, ఐసు మీద పొయ్యేటండి? కరిగి కుంగిపోదా? కింద చెక్కైనా ఎయ్యాలండి, లేపోతే రాయైనా."

పదిహేనేళ్ళు ఐసుతో బతికిన మనిషి చెబుతోంది. వింటారా? విశ్వనాథం మాస్టారు నోటుపుస్తకం మూసి గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, వేడి ఎప్పుడూ పైకి పోతుంది, కిందికి రాదు. పైగా ఇది మైనస్ నాలుగు డిగ్రీల దగ్గర గడ్డకట్టిన మంచు. రాయితో సమానం."

"విన్నావుగా, మాస్టారు చెప్పారు. ఇంక నువ్వు పిండి కలుపు" అన్నారు రాజుగారు.

కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందంటారే, సరిగ్గా అలాగ. ఆమె కలిపింది. నేను కూర్చున్నాను. మొదటి వాయి దివ్యంగా వచ్చింది. పక్కనే తెల్లటి వాలు మీద ఎక్కడెక్కడివాళ్ళో రంగురంగుల బట్టల్లో పక్షుల్లా జారుతున్నారు. మన వాళ్ళు అటు వీపులు పెట్టి నా చుట్టూ మూగారు. ఒక్కరంటే ఒక్కరు తల తిప్పలేదు. పేరంటాలు ఒక్కతే, బజ్జీ బజ్జీకీ మధ్య ఒక్కసారి తల ఎత్తి అటు చూసేది. ఆ చూపుని కూడా ఉండనివ్వలేదు, "మాడుతోంది, మాడుతోంది" అని బంగారమ్మ గారి కేక.

రెండో వాయి సగంలో ఉండగా పొయ్యి ఎడమకాలు కుంగింది. వేడి కిందికి రాదు కదా, మరి ఎందుకు కుంగిందో మాస్టారే చెప్పాలి. నేను ఒరిగాను. మరిగే నూనెతో, చలి కాచుకుంటూ నిలబడ్డ బంగారమ్మ గారి మీదకే ఒరిగాను. పేరంటాలు గరిటె పారేసి, నా కడియం పట్టుకుని ఇటు లాగేసింది. నూనె దిశ మారింది. బంగారమ్మ గారి కోటు మీద చుక్క పడింది. మిగతాది పేరంటాలు ఎడమచేతి మీద, మోచేతి నుంచి మణికట్టు దాకా.

ఆమె గబుక్కున మోకాళ్ళ మీద కూలబడి, చెయ్యి మోచేతి దాకా మంచులో దూర్చేసింది. ఆమె మంచుని మొదటిసారి తాకడం అలా జరిగింది.

నేను బోర్లాపడి బుసలు కొడుతూ మంచులో దిగబడుతున్నాను. అయినా నాకు అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"అయ్యో అయ్యో, అద్దె కోటు! ఇప్పుడు వాడు ఊరుకుంటాడా?" బంగారమ్మ గారు.

"సుమారు నూట ఎనభై డిగ్రీలు ఉంటుంది నూనె" మాస్టారు, నోటుపుస్తకం తీస్తూ.

"చూసుకోవద్దంటే? సరిగ్గా ఆనించి పెట్టుకోవద్దా? ఇప్పుడు వీళ్ళందరికీ బజ్జీలెలాగ?" బాపిరాజుగారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

ఈలోగా ఈల ఊదుతూ ఆ వాలు కాపలాదారు వచ్చి, జారే దారి పక్కన నూనె ఒలకబోశారని అందర్నీ కిందికి తరిమేశాడు. పేరంటాలు తడిగుడ్డ చుట్టిన చేతితో పెట్టె బండి ఎక్కింది. అద్దంలోంచి వెనక్కి చూడబోయింది కానీ కిటికీకి అడ్డంగా బంగారమ్మ గారు కూర్చున్నారు.

సాయంత్రం ఒంటిచేత్తో ఉప్మా చేసింది. తిన్నారు. ఉప్పు తగ్గిందన్నారు.

రాజుగారికి కాస్త మొహమాటం వేసినట్టుంది, షెడ్డులోకి వచ్చి పలకరించారు. "పోనీలే, ఏదైతేనేం, మంచు ముచ్చట తీరిందిగా నీకు."

పేరంటాలు కట్టుకట్టిన చేతికేసి చూసుకుంది. "అది సూడ్డం కాదండి బాబుగారండి. అది మందు. దగ్గొచ్చి తులసాకు నమిలితే పూజ చేసినట్టా ఏటండి?"

ఆయన గుమ్మం వైపు తిరిగారు. "వేసవిలో మళ్ళీ వస్తాంలే" అన్నారు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. ఇంతమందిని దులిపేస్తున్నానే, నేనేమీ తక్కువ తినలేదు. ఆ నూనె నాలోదే. నా జన్మలో నేను తిట్టని మనిషి ఒకతే, కాల్చింది కూడా ఆమెనొక్కదాన్నే. ఇంటికి వెళ్ళాక ఆమె నన్ను తోముతూ ఒక్క మాటన్నా అంటుందేమో, ఒక్క విసురైనా విసురుతుందేమో అని ఎదురుచూశాను. అనలేదు. ఎప్పటిలాగే కొబ్బరిపీచూ చింతపండూ పెట్టి తోమి, బోర్లించి వెళ్ళిపోయింది. తిడితే బాగుండేదనిపించింది.

మే నెలలో మళ్ళీ బస్సు కదిలింది. ఈసారి రాజుగారు కాగితాలు అచ్చు వేయించారు, "మంచుకొండ మీద వేడి వేడి గారెలు" అని, పైన నా బొమ్మతో సహా. ఒక మనిషి చెయ్యి కాలిన సంగతి ఆరునెలలు తిరక్కుండా ప్రకటనగా మారిపోయింది. బజ్జీలు అచ్చిరాలేదు కాబట్టి గారెలట! మాస్టారు మళ్ళీ వచ్చారు, చలికాలానికీ వేసవికీ తేడా రాసుకుంటారట. బంగారమ్మ గారూ వచ్చారు, చలికాలంలో తీసిన ఫోటోల్లో కళ్ళు మూసుకున్నారట, మళ్ళీ తీయించుకోవాలట.

పేరంటాలు కూడా వచ్చింది. ఎడమచేతి మీద చర్మం ముడతలు పడి మెరుస్తోంది, వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. బస్సు వెనక సీట్లో రాజుగారు ఫోనులో మాట్లాడుతుండగా ఆమె విన్నది, పైన కట్టి ఉన్న నేనూ విన్నాను. వచ్చే యాత్రకి రాజమండ్రి నుంచి మగ వంటవాడు వస్తున్నాడట, రెండు చేతులూ బాగా ఆడేవాడు. పేరంటాలుకి ఇదే ఆఖరి బస్సు. ఆమె బస్సు కొండ ఎక్కుతున్నంతసేపూ మెడ బయటపెట్టి పైకి చూస్తూనే ఉంది.

పైన మంచు లేదు.

పచ్చటి గడ్డి, పసుప్పచ్చ పూలు, గడ్డి మీద గొర్రెలు. జారే వాలు మీద ఆవులు పడుకుని నెమరు వేస్తున్నాయి. వేలాడే కుర్చీలు కదలకుండా తుప్పు పట్టి ఉన్నాయి, ఒక దాని మీద కాకి. పొడుగు బద్దలన్నీ షెడ్డులో తాళం వేసి పెట్టారు. ఎంత బాగుందో ఆ చోటు! చూసే కళ్ళుంటే. మన వాళ్ళు పెట్టె బండి దిగి ఒక్కసారిగా గొల్లుమన్నారు.

"మంచేదీ? రాజుగారూ, మంచేదీ?"

"పదివేల అడుగుల దగ్గర మంచు శాశ్వతం అన్నారుగా మాస్టారూ?" అని ఎవరో నిలదీశారు.

"పదివేలకి ఇంకా అయిదొందలు తక్కువ కదయ్యా" అన్నారు మాస్టారు, తడుముకోకుండా. ఏ ఎండకా గొడుగు.

కోట్ల దుకాణం వాడు మాత్రం చెక్కుచెదరలేదు. ఎండ మండిపోతోంది, వాడు అవే కోట్లు అద్దెకి ఇస్తున్నాడు, మన వాళ్ళు అవే తీసుకుంటున్నారు. బంగారమ్మ గారు మెడదాకా బొత్తాలు పెట్టుకుని, చెమటలు కారుతూ, ఆవు పక్కన నిలబడి ఫోటో దిగారు. ఆవు కెమెరా కేసి చూడలేదు. ఆ ముగ్గురిలో, కెమెరా పట్టుకున్నవాడితో కలిపి, బుద్ధిమంతురాలు ఆవే.

గుర్రాలవాళ్ళు చెప్పారు, ఇంకా పైకి వెళ్తే లోయ మడతలో కొంచెం మంచు మిగిలి ఉందని. ఇంకో పదిరోజుల్లో అదీ పోతుందట. అంతే, జనం గుర్రాలెక్కారు. నన్ను ఒక కంచరగాడిద మీద కట్టారు. పేరంటాలు మినప్పిండి గిన్నె నెత్తిన పెట్టుకుని నడిచింది.

ఉంది మంచు. రెండు తాటిచెట్ల పొడవున, ఏటవాలుగా, లోయ మడతలో ఇరుక్కుని ఉంది. మన వాళ్ళకన్నా ముందు వచ్చినవాళ్ళు దాని మీద చేయాల్సినవన్నీ చేసి వెళ్ళారు. పైన దుమ్ము, పైన్ చెట్ల సూదులు, గుర్రాల లద్దె, మొక్కజొన్న పొత్తుల బెండ్లు. దాని మీదే మన నలభై మంది వరసకట్టి, ఒకరి తర్వాత ఒకరు రెండు చేతులూ చాపి ఫోటోలు. ఫోటో అవగానే చేతులు దించేసి దిగిపోవడం. చూడ్డం అనే పని ఆ వరసలో ఎవరికీ అప్పజెప్పినట్టు లేదు.

పేరంటాలు ఒడ్డున నిలబడింది. "బాబుగారండి, పది నిమిషాలండి. ముందు సూసొచ్చి పొయ్యి ముట్టిస్తానండి."

"వెళ్ళు వెళ్ళు, నేనేమన్నా వద్దన్నానా" అన్నారు రాజుగారు. ఆమె రెండడుగులు వేసిందో లేదో బంగారమ్మ గారు గుర్రం మీంచే కేకేశారు, "గారెలు ఎంతసేపమ్మా, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి!" రాజుగారు పేరంటాలు వైపు చూశారు.  ఆమె వెనక్కి తిరిగింది.

ఈసారి పొయ్యి రాళ్ళ మీద పెట్టింది, ఎవర్నీ అడగలేదు. మూడు వాయిలు. తిన్నారు, ఇంకా అన్నారు, అల్లం పచ్చడి చాల్లేదన్నారు. తిన్న కాగితపు పళ్ళాలు మంచు మీద పడేశారు. ఈలోగా మబ్బు పట్టింది. గుర్రాలవాళ్ళు తొందరపెట్టారు, వాన వస్తే దారి జారుతుంది, దిగిపోవాలన్నారు.

"పేరంటాలూ, గబగబా మూకుడు కడిగెయ్. కట్టేస్తారు" అన్నారు రాజుగారు.

ఆమె ఆయన కేసి ఒక్క క్షణం చూసింది. "కడుగుతానండి" అంది.

నూనె డబ్బాలోకి వంపింది. నన్ను కడియం పట్టుకుని మంచు అంచు మీదుగా పైకి ఈడ్చుకెళ్ళింది. కింద మురికి, కానీ ఆ చివర, మనిషి కాలు పడని చోట, మంచు తెల్లగా ఉంది. గుప్పిళ్ళతో తీసి నన్ను తోమింది. ఇంకా వేడిగా ఉన్నాను, ప్రతి గుప్పెడూ చుయ్యిమంది. బూడిదతో పాతికేళ్ళు, చింతపండుతో అయిదేళ్ళు తోమించుకున్నాను కానీ అంత సుఖం ఎరగను. కింద అందరూ, కడుగుతోంది పాపం అనుకుంటున్నారు.

తోమడం అయింది. నన్ను వెల్లకిలా వాలు అంచున పెట్టింది. చీర కుచ్చెళ్ళు దోపుకుంది. నాలో కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, మంచి చేత్తో ఒక కడియం, కాలిన చేత్తో ఒక కడియం పట్టుకుంది. ముడుచుకోని వేళ్ళు ఎలా ముడుచుకున్నాయో నాకు తెలియదు.

"ఏయ్, ఏయ్ పేరంటాలూ! ఏంటది?" కిందనుంచి రాజుగారు.

నేను కదిలాను.

ముప్ఫయ్యేళ్ళ నూనె పట్టిన అడుగు నాది. ఆ మంచు మీద నన్ను ఆపగలిగింది ఏదీ లేదు. గిర్రున తిరుగుతూ వెళ్ళాను. ఒకసారి ఆకాశం, ఒకసారి లోయ, ఒకసారి రాజుగారి తెరిచిన నోరు. ఫోటోల వరస చెల్లాచెదురైంది. మాస్టారు నోటుపుస్తకం వదిలేసి గెంతారు, ఆ వయసులో అంత దూరం గెంతగలరని ఆయనకే తెలియదు. బంగారమ్మ గారు కెవ్వుమన్నారు. వాటన్నిటి మధ్యా పేరంటాలు నవ్వుతోంది. అంతవరకూ ఆమె నవ్వు నేను వినలేదు. చిన్నపిల్ల నవ్వు కాదు, పొలంలో ఆడవాళ్ళు మోటుమాట విని నవ్వుతారే, పొట్ట చెక్కలయ్యేలా, ఆ నవ్వు.

మంచు అయిపోయిన చోట ఒక రాయి ఉంది. నా అడుగు దానికి తగిలింది, సరిగ్గా సోమయాజులు గారి కొడుకులు వేయించిన మాటు మీద. మాటు ఎగిరిపోయింది. ఆమె గడ్డిలోకి దొర్లింది. నేను ఒరిగి ఆగాను.

రాజుగారు రొప్పుతూ పరిగెత్తుకొచ్చారు. ముందు నన్ను ఎత్తి చూశారు. "చిల్లు! మూకుడికి చిల్లు పెట్టావు కదే! రేపు పూరీలు దేంట్లో వేస్తావు?"

పేరంటాలు లేచి కూర్చుంది. పక్కనే మంచు అంచులోకి చెయ్యి పెట్టి, మురికి పొర తీసేసి, లోపలి తెల్లటిది గుప్పెడు తీసుకుంది. అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. దేని మీదా చల్లలేదు, కాలిన చోట రాసుకోలేదు, ఎవరికీ అందించలేదు. అది కరిగి వేళ్ళ సందుల్లోంచి కారిపోయేదాకా అలాగే ఉంది. చుట్టూ నలభై మంది నిలబడి, ఏమీ తోచక, ఆమె చేతికేసి చూశారు. రెండు యాత్రల్లోనూ వాళ్ళు మంచుని చూసింది అప్పుడొక్కసారే.

"ఇప్పుడు సూశానండి బాబుగారండి" అంది.

మరి ఎంతసేపు చూస్తారు వాళ్ళు? ఎవరో "నేనొకసారి జారతాను" అన్నారు. ఇంకొకరు "ముందు నేను" అన్నారు. బంగారమ్మ గారు ఫోను మాస్టారి చేతికిచ్చి, కోటు సర్దుకుంటూ నాలో కూర్చోబోయారు. చిల్లు అంచు గుచ్చుకుంది. ఆ చిల్లు పెట్టిన రాయికి నేను రుణపడి ఉంటాను.

వాన మొదలైంది. చిల్లు మూకుడిని కంచరగాడిద మీద మోయించడం దండగన్నారు రాజుగారు. నన్ను అక్కడే వదిలేశారు. పేరంటాలు వెళ్తూ వంగి, నా కడియం మీద తడిచేత్తో ఒకసారి రాసింది, తోమడం పూర్తికానట్టు.

తర్వాత టీ కొట్టు మనిషి నన్ను తెచ్చి తన కొట్టు వెనక పెట్టుకున్నాడు. వేసవిలో నాలో ఉప్పు పోస్తాడు, గొర్రెలు వచ్చి నాకుతాయి. నెమ్మదైన జీవాలు, "మా ఊళ్ళో ఉప్పు దీనికన్నా బావుంటుంది" అనవు. చలికాలంలో నా నిండా మంచు పడుతుంది. మరిగే నూనె మోసిన పొట్టలో అది చప్పుడు లేకుండా పేరుకుంటుంది. మొదటి మంచు పడిన రోజు మాత్రం నేను ఎవర్నీ తిట్టను. ఆ ఒక్కరోజే.

రాజుగారి బస్సు ఏటా రెండుసార్లు వస్తుంది. కొత్త మూకుడు, కొత్త వంటవాడు. మాస్టారు రెండో నోటుపుస్తకంలో ఉన్నారు. బంగారమ్మ గారు కిందటిసారి ఫోటోలో కళ్ళు తెరిచారు కానీ నోరు కూడా తెరుచుకుందట, అందుకని మళ్ళీ వచ్చారు. వాళ్ళు వస్తూనే ఉంటారు, తమంతట తాము ఒక్కసారీ చూడలేదు కాబట్టి.

పేరంటాలు మళ్ళీ రాలేదు. ఆమెకేం పని? ఆమె చూసేసింది.